కారుకూ ఓ స్క్రీన్ గార్డ్: శ్రీ సిటీ ఎండకు ఏ వ్యాక్స్ బెస్ట్?

ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయించే నేను, నాన్న ఇచ్చిన కారును మాత్రం రెండేళ్లు ఎండకు వదిలేశాను. శ్రీ సిటీలో మా పార్కింగ్‌కు నీడ లేదు, పులికాట్ వైపు నుంచి ఉప్పు గాలి. బానెట్ మీద పక్షి రెట్ట ఎండిపోయి, క్లియర్ కోట్‌లో మచ్చ పడింది.

ఒకటి గుర్తుంచుకోండి: వ్యాక్స్ రక్షణ మాత్రమే. గీతలు పోగొట్టేది పాలిష్.

ఏది కొనాలి? బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ మంచి మెరుపు ఇస్తుంది, కానీ రెండు నెలల్లోపే పల్చబడుతుంది. సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు ఆగుతుంది. ఎండలో నిలిపే బండికి నా ఓటు సీలెంట్‌కే.

ఎలా వేయాలి? కార్ షాంపూతో కడగండి. గిన్నెలు తోమే లిక్విడ్ వాడితే ఉన్న వ్యాక్స్ కూడా పోతుంది. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ తడమండి, గరుకుగా తగిలితే క్లే బార్ వాడాలి. తర్వాత నీడలో, బాడీ చల్లారాక, ఒక్కో ప్యానెల్‌కు పల్చగా పూసి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. నల్ల ప్లాస్టిక్‌కు తగలనీయొద్దు, తెల్ల మరక ఉండిపోతుంది.

అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవకముందే, సెప్టెంబర్‌లో వేస్తే మేలు. నీళ్లు ముత్యాల్లా నిలవడం మానేశాయంటే మళ్లీ వేసే టైమ్ వచ్చినట్టే.

నా మచ్చ మాత్రం పోలేదు. నాన్న చూశారు, ఏమీ అనలేదు. మిగిలిన డబ్బా చూసి, "నా స్కూటర్‌కూ కొంచెం పుయ్యిరా" అన్నారు.