ఉప్పెనకు ముందు: తీరసీమల, చిన్న దీవుల రక్షణ

సముద్రం నుండి వచ్చే ఆపదకు ప్రజల భాషలో పేరున్నదా, లేదా అనే ప్రశ్న మొదటి చూపులో నిఘంటుకారులకు మాత్రమే సంబంధించినదిగా తోచవచ్చును. నిజానికి అది ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్న. తెలుగు తీరవాసులు గాలివానను ‘తుపాను’ అనీ, ఆ గాలి తోసుకొనివచ్చే సముద్రజలాన్ని ‘ఉప్పెన’ అనీ వేర్వేరుగా వ్యవహరిస్తారు. ఈ భేదం తరతరాల అనుభవం నేర్పినది. గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుందని ప్రకటించినప్పుడు, పూరింటిలో నివసించేవాడు కప్పు ఎగిరిపోతుందేమోనని మాత్రమే భయపడతాడు. ‘ఉప్పెన వస్తుంది, ఇల్లు వదలండి’ అన్నప్పుడు లేచి నడుస్తాడు. హెచ్చరికకు విలువ ఏర్పడేది అది విన్నవారికి అర్థమైనప్పుడు, అర్థమైనవారికి వెళ్ళడానికి ఒక దారీ, చేరడానికి ఒక చోటూ ఉన్నప్పుడు. తీరప్రాంతాలలో నష్టనివారణకు సంబంధించిన కృషి అంతా ఈ మూడు మెట్ల మీదనే ఆధారపడి ఉన్నది.

ఉప్పెన పుట్టుక

తుపాను కేంద్రంలో వాయుపీడనం తగ్గినందువల్ల సముద్రమట్టం కొంత పైకి లేస్తుంది. అయితే ఉప్పెనకు ప్రధాన కారణం గాలి. అది నీటిని తీరం వైపు నెట్టుతూ ఉంటుంది. సముద్రం లోతుగా ఉన్నచోట ఆ నీరు అడుగుకు మళ్ళి వెనుకకు పోగలదు. లోతు తక్కువైన చోట పోయే దారి లేక గోడవలె లేచి నేలమీదికి వస్తుంది. బంగాళాఖాతపు ఉత్తర భాగం గరాటువలె ఇరుకు కావడం, గంగ, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టితో తీరజలాలు మెరకబారడం, డెల్టాభూములు పల్లంగా ఉండడం, ఈ కారణాలన్నీ కలిసి ఈ తీరాన్ని ప్రపంచంలోని అత్యంత ప్రమాదకర తీరాలలో ఒకటిగా చేశాయి. అమావాస్య, పూర్ణిమల పోటు సమయంలో తుపాను తీరం దాటితే ముప్పు మరింత పెరుగుతుంది.

సునామీ స్వభావం వేరు. అది సముద్రగర్భంలోని భూకంపం వల్ల పుడుతుంది. దానికి ఋతువు లేదు, ముందుగా కమ్ముకొనే మబ్బు లేదు. తుపానుకు రోజుల వ్యవధి ఉండగా, సునామీకి గంటలు, కొన్నిచోట్ల నిమిషాలు మాత్రమే ఉంటాయి.

ఒకే తీరం, రెండు ఫలితాలు

1977 నవంబరు 19న కృష్ణానది పాయల మధ్యనున్న దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. పదివేలకు తగ్గని ప్రాణాలు పోయినవి. తుపాను వస్తున్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు. ఆ సమాచారం గుడిసె గుడిసెకూ చేరే ఏర్పాటు, చేరినా జనం తలదాచుకొనే గట్టి కట్టడం లేకపోయినవి. 1990 మే నెలలో దాదాపు అంతటి తీవ్రమైన తుపానే ఆంధ్రతీరాన్ని తాకినది. లక్షలాది ప్రజలను ముందుగా తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యికి లోపుగా ఉన్నది. పంట, పశువులు, ఇండ్ల నష్టం అపారమే. కాని ప్రాణనష్టం తగ్గించవచ్చునని పదమూడేళ్ళ వ్యవధి నిరూపించినది.

ఒడిశా అనుభవమూ ఇటువంటిదే. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపానులో సుమారు పదివేలమంది మరణించారు. ఆనాడు ఆ రాష్ట్రంలో తుపాను షెల్టర్లు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. ఆ విషాదం తరువాత రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడినది, స్తంభాల మీద నిలిచే బహుళ ప్రయోజన భవనాలు లేచినవి. మామూలు రోజులలో వాటిని అనేకచోట్ల బడులుగా వాడుతున్నారు. ఈ వినియోగంలో ఒక దూరదృష్టి ఉన్నది. ఏడాదికొకమారు తాళం తీసే భవనం అవసరానికి అక్కరకు రాదు. పిల్లలు నిత్యం వెళ్ళే భవనానికి దారి చీకటిలోనైనా తెలుస్తుంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షలమందిని తరలించారు. మృతుల సంఖ్య పదులలో నిలిచిపోయినది.

ఈ మార్గంలో పొరుగుదేశమైన బంగ్లాదేశ్ మనకంటె ముందు నడిచినదని చెప్పుట న్యాయం. 1970 నవంబరు 12 రాత్రి వచ్చిన భోలా తుపాను కనీసం మూడు లక్షలమందిని బలిగొన్నది. ఆ తరువాత 1972లో అక్కడ తుపాను సంసిద్ధతా కార్యక్రమం ప్రారంభమైనది. గ్రామస్థులే స్వచ్ఛంద సేవకులై జెండాలు ఎగురవేసి, చేతి మైకులతో ఇంటింటికీ చాటుతారు. ఊరివాడు ఊరిమాటలో చెప్పిన హెచ్చరికను జనం నమ్ముతారు.

దీవులలో పారిపోవు చోటేది?

ప్రధానభూమిపై ఉన్నవారు తీరం వదలి లోపలికి పోగలరు. చిన్న దీవిలో ‘లోపల’ అనేది లేదు. అందుచేత దీవుల రక్షణ వేరు పద్ధతిలో ఆలోచించవలసి ఉన్నది.

2004 డిసెంబరు 26న సుమత్రా తీరంలో భూకంపం సంభవించినప్పుడు నికోబార్ దీవులను సునామీ గంటలోపే తాకినది. గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రాన ఉన్న ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, అక్కడి దీపస్తంభం నీటిలో నిలిచిపోయినది. పల్లపు నేలగల కార్ నికోబార్‌లో ఊళ్ళు తుడిచిపెట్టుకొనిపోయినవి. అదే రోజున లిటిల్ అండమాన్‌లోని ఓంగే తెగవారు, సముద్రం వెనుకకు తగ్గడం గమనించి ఎత్తైన చోటికి చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. సుమత్రాకు చేరువలోని సిమ్యులు దీవిలో 1907నాటి సునామీ జ్ఞాపకం ‘స్మోంగ్’ అనే మాటలో నిలిచి ఉన్నది. నేల గట్టిగా కంపించి, సముద్రం వెనుదీస్తే కొండకు పరుగెత్తమని పెద్దలు పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారు. సుమారు 78,000 జనాభాలో ఏడుగురు మాత్రమే మరణించారు. ఆనాటి ఉదయం మన తీరగ్రామాల భాషలలో సునామీకి వాడుక మాట లేదు. వార్తాపత్రికలు జపాను పదాన్నే తెచ్చుకొనవలసి వచ్చినది.

పునర్నిర్మాణంలో మరొక పాఠం దొరికినది. నికోబారీయులు ‘తుహేత్’ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థలో జీవించేవారు. సహాయాన్ని చిన్న చిన్న కుటుంబాల లెక్కన పంచడం వల్ల ఆ కట్టుబాటు సడలినది. సదుద్దేశంతో చేసిన సహాయమైనా, అందుకొనేవారిని సంప్రదించకపోతే కొత్త నష్టానికి దారితీయగలదు.

లక్షద్వీపాల సమస్య మరొక విధమైనది. మొత్తం నేల సుమారు 32 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టం నుండి ఎత్తు చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లే. అక్కడి త్రాగునీరు ఇసుక, పగడపు రాతి పొరలలో, ఉప్పునీటిపై తేలియాడే పలుచని మంచినీటి పొర. అలలు దీవిపైకి వస్తే బావులు ఉప్పుబారుతాయి. కావున వాననీటి నిల్వ, ఆహారధాన్యాల నిల్వ, చెడని సమాచార సాధనాలు దీవులకు ప్రాణాధారాలు. పడవ వచ్చేవరకు దీవి తన్ను తానే కాపాడుకోవాలి.

సుందరవనాలలో కరకట్టలే బ్రతుకుగోడలు. 2009 మే నెలలో ఐలా తుపాను వాటిని తెంచివేయగా ఉప్పునీరు పొలాలలో నిలిచినది. నీరు తీసినా మట్టిలోని ఉప్పు వెంటనే పోదు. అనేక కుటుంబాలలో యువకులు కూలికై దూరప్రాంతాలకు వలసపోయారు. విపత్తు ఒక్కరోజు వార్త. దాని పర్యవసానం కొన్ని సంవత్సరాల జీవితం.

కేంద్రం నుండి కడపటి ఇంటికి

2004లో సునామీ తమిళనాడు తీరాన్ని చేరడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టినది. ఆ వ్యవధి అంతా వృథా అయినది. అందుకు సమాధానంగా 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడినది. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమిపై కూర్చున్న శాస్త్రజ్ఞులు భూకంప సూచికలను, సముద్రగర్భ పీడన సాధనాలను, ఆటుపోటు కొలమానాలను అహోరాత్రాలు పరిశీలిస్తూ, హిందూ మహాసముద్ర దేశాలకు కూడా సమాచారం అందిస్తున్నారు.

అయినను ఉపగ్రహం నుండి జిల్లా కేంద్రం వరకు క్షణాలలో చేరిన మాట, అక్కడి నుండి కడపటి ఇంటికి చేరడంలోనే ఆలస్యమవుతుంది. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను వచ్చేసరికి కేరళ, తమిళనాడు తీరాల మత్స్యకారులు అనేకులు నడిసముద్రంలో ఉన్నారు. వారికి మాట చేర్చే సాధనం లేక వందలాదిమంది తిరిగి రాలేదు. ఆ తరువాతనే ఉపగ్రహ సహాయంతో దూరసముద్రంలోని పడవలకు హెచ్చరికలు పంపే పరికరాలు రూపొందినవి. 2020లో ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామాలను యునెస్కో సునామీకి సంసిద్ధమైన గ్రామాలుగా గుర్తించినది. అక్కడ ప్రమాద పటం, తరలింపు దారి, క్రమం తప్పని అభ్యాసం గ్రామజీవితంలో భాగమైనవి.

ప్రకృతి కట్టిన కోట

మడ అడవులు, పగడపు దిబ్బలు, ఇసుక తిన్నెలు తీరానికి సహజ ప్రాకారాలు. 1999 తుపానులో కేంద్రపడా జిల్లాలో మడ అడవుల చాటున ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువగా నమోదైనవి. అయితే అడవి ఉన్నదని ఇల్లు వదలకుండుట ప్రమాదం. అది నీటి ఉద్ధృతిని తగ్గించగలదే కాని పెను ఉప్పెనను పూర్తిగా ఆపలేదు. 1991లో వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన పోటుగీత నుండి 500 మీటర్ల వరకు కట్టడాలను క్రమబద్ధం చేసినది. 2011లో దీవులకు ప్రత్యేక ప్రకటన వచ్చినది. 2019 నాటి సవరణలు కొన్ని ఆంక్షలను సడలించినవి. తీరంపై ఆధారపడినవారి జీవనోపాధిని, తీరపు భద్రతను ఏకకాలంలో నిలుపుట ఈనాటికీ క్లిష్టమైన కర్తవ్యమే.

గాలిని ఆపే శక్తి ఏ ప్రభుత్వానికీ లేదు. కాని దివిసీమకు, సిమ్యులుకు మధ్య ఉన్న వ్యత్యాసం దైవికం కాదు; తెలిసిన మాటకూ తెలియని మాటకూ, ఉన్న దారికీ లేని దారికీ మధ్యనున్న వ్యత్యాసం. తీరగ్రామపు ప్రతి పాఠశాలలో పిల్లలు తమ ఊరి పటం గీసి, ఎత్తైన చోటును, గట్టి కట్టడాన్ని, నడవలేని వృద్ధులున్న ఇండ్లను అందులో గుర్తించగలిగితే, రక్షణకు తొలి అడుగు పడినట్లే. ఆ పటాన్ని ఏటా తుపాను కాలానికి ముందు ఒకమారు సరిచూచుకొనుట మరువరాదు.