ప్రయోజకకర్తయు ప్రయోజ్యకర్తయు

పని నడచుచోటఁ దఱచుగాఁ జేయువాఁడును జేయించువాఁడును వేఱుగా నుందురు. ఈ యిరువురిలోఁ బనికిఁ గర్త యెవ్వఁడు? భృత్యుఁ డాజ్ఞాబద్ధుఁ డగుటచే వాఁడు సాధనమాత్ర మనియు, మంచిచెడ్డల కెల్ల నధికారియే కర్త యనియుఁ గొంద ఱందురు. వ్యాకరణశాస్త్ర మీ మాట నంగీకరింపదు.

పాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున 54వ సూత్రమున స్వతంత్రుఁడు కర్త యని చెప్పి, 55వ సూత్రమున నట్టి స్వతంత్రునిఁ బ్రేరేపించువానికిఁ గర్తృసంజ్ఞతోపాటు హేతుసంజ్ఞను గూడ విధించెను. ప్రేరకునకు వచ్చిన యీ క్రొత్త సంజ్ఞ ప్రేరితుని కర్తృత్వమును హరింపలేదు. “యజమానుఁడు వంటవానిచేతఁ గట్టెలతో నన్నము వండించెను” అను వాక్యమున యజమానుఁడు ప్రయోజకకర్త, వంటవాఁడు ప్రయోజ్యకర్త, కట్టెలు కరణము. సంస్కృతమున వంటవానికిని గట్టెలకును దృతీయావిభక్తియే వచ్చును. విభక్తి యొక్కటి యైనంతమాత్రమున సంజ్ఞ యొక్కటి కాదు.

ఇచట నొక శంక. ఒకని యాజ్ఞకు లోఁబడినవాఁడు స్వతంత్రుఁ డెట్లగును? స్వాతంత్ర్యపారతంత్ర్యములు పరస్పరవిరుద్ధములు గదా! మహాభాష్యమున 55వ సూత్రముక్రిందనే యీ యాక్షేపము చర్చింపఁబడినది. స్వాతంత్ర్య మనఁగా నిచ్చట స్వేచ్ఛావిహారము గాదు. ఆ క్రియయందుఁ బ్రధానముగా వివక్షింపఁబడుట. మఱియు నాజ్ఞ పొందినవాఁడు చేయవచ్చును, మానవచ్చును. కావుననే యాజ్ఞాపించినవాఁడు పని జరగెనో లేదో చూచుకొనును. కట్టెల నెవ్వఁడు నాజ్ఞాపింపఁడు.

అట్లైనఁ బ్రయోజ్యునకుఁ గొన్నిచోట్లఁ గర్మసంజ్ఞ యేల వచ్చును? 53వ సూత్రమున హృ, కృ ధాతువుల కీ సంజ్ఞ వైకల్పికము. యజమానుఁడు భృత్యునిచేఁ జాపను జేయించినప్పుడు భృత్యశబ్దమునకు ద్వితీయయు రావచ్చును, దృతీయయు రావచ్చును. కాని ప్రేరణలేని వాక్యమునఁ గర్త యైనవాఁడే ప్రేరణవాక్యమునఁ గర్మ యగు నని శాస్త్రము చెప్పుటచే, నా కర్మత్వమునకును మొదటి కర్తృత్వమే నిమిత్తము.

ప్రేరణయు నొక్కతీరు గాదు. 3-3-161 సూత్రమున విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము మున్నగునవి వేఱువేఱుగాఁ జెప్పఁబడినవి. సిద్ధాంతకౌముది ననుసరించి భృత్యాదులను బ్రవర్తింపఁజేయుట విధి. కామచారమున కనుజ్ఞ యామంత్రణము. సత్కారపూర్వకమైన వ్యాపార మధీష్టము. 5-1-80 సూత్రమునకుఁ గాశికావృత్తి చూపిన యుదాహరణములలో మాసమున కధీష్టుఁడైన యధ్యాపకుఁడును మాసికుఁడే, మాసమునకు భృతుఁడైన కర్మకరుఁడును మాసికుఁడే. శబ్దరూప మొక్కటి, అర్థమున నొకనిఁ బనికిఁ దెచ్చినది సత్కారము, వేఱొకనిఁ దెచ్చినది వేతనము.

నేఁటి పాఠశాలలయం దధ్యాపకుఁడు వేతనమును గొనుచున్నాఁడు. అంతమాత్రమున వానియం దధీష్టత్వము నశింప నక్కఱలేదు. వానిని విధితో నడపుటయా, సత్కారముతో నడపుటయా యనునది పై యధికారి వివేకము. ఎట్లు నడపినను హేతువైనవాఁడు తన యాజ్ఞాఫలమును దప్పించుకొనలేఁడు. ప్రయోజ్యుఁడును “ఆజ్ఞ యైనది, చేసితిని” అను మాటచేఁ గరణము గాఁజాలఁడు. ఇరువురును గర్తలే.