రాకాసి అడుగుల వెనుక గిటారు, ఆర్కెస్ట్రా



గాడ్జిల్లా, కింగ్‌కాంగ్ వంటి రాకాసి మృగాల సినిమాలంటే మన హాస్టల్‌లో ఎంత ఇష్టమో అందరికీ తెలిసిందే. టీవీ ముందు చాపలు పరిచే పని చిన్న తరగతుల తమ్ముళ్లది, రిమోట్ పదో తరగతి అన్నలది. ఒకరోజు సినిమా మధ్యలో స్పీకరు పాడైంది. అప్పటిదాకా దుప్పటి కప్పుకొని భయంభయంగా చూస్తున్న తమ్ముళ్లు ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. తెరమీద అదే మృగం, అవే మేడలు కూలుతున్నాయి. భయం మాత్రం లేదు. భయం బొమ్మలో కన్నా శబ్దంలోనే ఎక్కువ ఉందని ఆ రోజు మాకు తెలిసింది.

ఆ శబ్దాన్ని ఎలా తయారుచేస్తారు? రాక్ గిటారును, పదుల మంది వాయించే ఆర్కెస్ట్రాను ఒకచోట ఎలా కలుపుతారు? ఈసారి వార్షికోత్సవానికి మేం వేసిన ప్రహ్లాద ఘట్టానికి, దీనికి ఏమిటి సంబంధం? ఇవన్నీ మేం నేర్చుకున్నంత వరకు మీతో పంచుకుంటాం.

పెద్ద ఒళ్లు, లావు గొంతు

దూడ అరుపు సన్నగా ఉంటుంది, గేదె అరుపు లావుగా ఉంటుంది. పెద్ద వస్తువు నిదానంగా కంపిస్తుంది. కంపనం నిదానమైతే ధ్వని మంద్రంగా వినిపిస్తుంది. సెకనుకు ఎన్ని కంపనాలో హెర్ట్జ్‌లలో చెబుతారని ఫిజిక్సులో చదువుకున్నాం కదా. వయొలిన్‌లో అన్నిటికన్నా మంద్రమైన తీగ 196 హెర్ట్జ్. గిటారులో అది 82. ఆర్కెస్ట్రాలో మనిషెత్తు ఉండే డబుల్ బేస్‌లో 41. అందుకే తెరమీద పెద్ద జంతువు రాగానే సంగీత దర్శకులు డబుల్ బేస్‌లు, పెద్ద బూరలు, పెద్ద డ్రమ్ములు పలికిస్తారు. కళ్లకు కనిపించకముందే దాని బరువు మన చెవికి తెలిసిపోతుంది.

1933లో వచ్చిన కింగ్‌కాంగ్ చిత్రానికి మాక్స్ స్టైనర్ ఆర్కెస్ట్రాతో ఇలాంటి సంగీతమే చేశారు. 1954లో జపాన్‌లో గాడ్జిల్లా వచ్చినప్పుడు సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే. ఆ మృగం అరుపు ఏ జంతువు గొంతూ కాదు. డబుల్ బేస్ తీగలను వదులు చేసి, పైన్ చెట్టు తారు పూసిన తోలు గ్లౌజుతో రుద్దితే వచ్చిన శబ్దం అది. అంటే ఆ రాకాసి గొంతు కూడా ఒక వాయిద్యంలోంచే పుట్టింది.

రాకాసికీ ఒక ప్రవేశ దరువు

1975లో వచ్చిన జాస్ చిత్రంలో జాన్ విలియమ్స్ రెండంటే రెండు స్వరాలను మళ్లీ మళ్లీ వాయించి సొరచేప వస్తోందని చెప్పారు. ఒక పాత్రకు ఒక బాణీ కట్టి, ఆ పాత్ర వచ్చినప్పుడల్లా దాన్ని వినిపించడం పాశ్చాత్యుల పద్ధతి. కూచిపూడి గాలి పీల్చిన మనకు ఇదేమీ వింత కాదు. మన భాగవతంలో ప్రతి ముఖ్య పాత్రకూ ప్రవేశ దరువు ఉంటుంది. భామాకలాపంలో తెర వెనుక నుంచి జడ కనిపించగానే సత్యభామ వచ్చిందని తెలుస్తుంది. ఉషాపరిణయంలో బాణాసురుడు, ప్రహ్లాద చరిత్రలో హిరణ్యకశిపుడు వచ్చేటప్పుడు జతులు బరువెక్కుతాయి, అడుగు నేలను గట్టిగా తాకుతుంది. మృదంగం, తాళాలు, వయొలిన్, వేణువులతోనే మన పెద్దలు రాక్షసుణ్ణి కళ్లముందు నిలబెట్టారు.

ఆర్కెస్ట్రా ఇంటికి గిటారు రాక

ఎలక్ట్రిక్ గిటారు ఆర్కెస్ట్రా ఇంటి బిడ్డ కాదు. క్లబ్బుల్లో, వీధి కచేరీల్లో పెరిగింది. దాన్ని చాలాకాలం మోత అన్నారే గాని సంగీతమని గౌరవించలేదు. 1969 సెప్టెంబరు 24న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో డీప్ పర్పుల్ అనే రాక్ బృందం, రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఒకే వేదికమీద వాయించాయి. ఆ రచన బృందంలోని జాన్ లార్డ్‌ది, నిర్వహణ మాల్కమ్ ఆర్నాల్డ్‌ది. 1999లో మెటాలికా బృందం శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి కచేరీ చేసింది.

రాకాసి సినిమాల్లోకీ గిటారు ఇలాగే వచ్చింది. బ్లూ ఆయిస్టర్ కల్ట్ అనే అమెరికా రాక్ బృందం 1977లోనే గాడ్జిల్లా మీద పాట కట్టింది. 2013లో వచ్చిన పసిఫిక్ రిమ్ చిత్రంలో సముద్రపు రాకాసులతో పోరాడే భారీ యంత్రాల కోసం రామిన్ జవాదీ ఆర్కెస్ట్రాతో పాటు గిటారును ముందుకు తెచ్చారు. ప్రసిద్ధ రాక్ కళాకారుడు టామ్ మొరెల్లో ఆ గిటారు వాయించారు. 2019 నాటి గాడ్జిల్లా చిత్రానికి బేర్ మెక్‌క్రియరీ సంగీతం ఇచ్చారు. ఇఫుకుబే పాత బాణీని గౌరవంగా నిలుపుకుంటూనే, ఆ 1977 పాటను రాక్ బృందం, ఆర్కెస్ట్రా, బృందగానం, జపాన్ వారి తైకో డ్రమ్ములతో కలిపి కొత్తగా చేశారు.

కలపడంలో చిక్కు ఎక్కడుంది?

మన రామమందిరం మైక్‌సెట్టు సౌండు బాగా పెంచితే పాట పగిలినట్టు బర్రుమంటుంది. యాంప్లిఫైయరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ శబ్దం పంపితే తరంగం తల, తోక తెగిపోయి ఇలా అవుతుంది. మనం తప్పు అనుకునే ఆ పగులునే రాక్ గిటారు వాళ్లు కావాలని తెచ్చుకుంటారు. తరంగం తెగినప్పుడు అసలు స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పైస్వరాలు ఎన్నో పుడతాయి. గిటారు ఒక్కటే అయినా శబ్దం గదంతా నిండుతుంది.

చిక్కు అక్కడే. నిండుగా ఉన్న ఆ శబ్దం కింద వయొలిన్ల మెలికలు, చెల్లోల గమకం వినపడకుండా పోతాయి. సంతలో అరుస్తున్నవాడి పక్కన నిలబడి గుసగుసలు చెబితే ఎవరికి వినిపిస్తాయి? యాంప్లిఫైయరు తగిలించిన ఒక్క గిటారు అరవై వయొలిన్లను ముంచేయగలదు.

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయాలు ఇవి:

1. గిటారుపై ఎక్కువ స్వరాలు కలిపి మీటరు. షడ్జమం, పంచమం మాత్రమే మీటుతారు. పగిలిన ధ్వనిలో గాంధారం కూడా కలిస్తే గందరగోళమవుతుంది, స–ప అయితే శుభ్రంగా నిలుస్తుంది. మన తంబురా శ్రుతి కూడా స–పలే కదా!

2. గిటారును, ఆర్కెస్ట్రాను విడివిడిగా రికార్డు చేస్తారు. తర్వాత దేని సౌండు ఎంత ఉండాలో కూర్చొని కలుపుతారు. లయ తప్పకుండా వాయించేవారి చెవిలో తాళపు టిక్కు వినిపిస్తూ ఉంటుంది. మన మేళంలో నట్టువాంగం చేసే పని అక్కడ ఆ టిక్కు చేస్తుంది.

3. అరచేతి అంచుతో తీగలను నొక్కి గిటారును పొట్టిపొట్టిగా కొడతారు. చెల్లోలు, డబుల్ బేస్‌లు అదే లయను వాయిస్తాయి. అప్పుడవి రెండు వాయిద్యాలుగా కాక ఒకే పెద్ద జంతువు నడకలా వినిపిస్తాయి.

4. బాణీని బూరలకు అప్పగిస్తారు. పైస్థాయి వయొలిన్లకు, కింది బరువు గిటారుకు, డ్రమ్ములకు. ఒకరి చోటులోకి ఒకరు పోరు.

5. మృగం అరిచేటప్పుడు సంగీతం ఆపేస్తారు, లేదా బాగా తగ్గిస్తారు. భాగవతంలో పాత్రధారి వచనం చెబుతుంటే మృదంగం తగ్గినట్టే ఇదీ.

మన తెలుగు తెర మీద

గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గారు పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు సంగీతం ఇచ్చారు. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు మన జిల్లాలో పిల్లవాడికైనా తెలుసు. తర్వాతి తరంలో ఇళయరాజా గారిది గొప్ప ఉదాహరణ. తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లె నుంచి మద్రాసు వచ్చి, ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చి, గిటారు వాయించి పొట్టపోసుకున్న ఆయనే జగదేకవీరుడు అతిలోకసుందరి (1990), ఆదిత్య 369 (1991) వంటి చిత్రాలకు ఆర్కెస్ట్రా సంగీతం రాశారు. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీని వినిపించారు. ఆయన బృందంలో కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ గారు సెల్‌ఫోన్ల రాకాసి పక్షి కథ అయిన 2.0 (2018) చిత్రానికి సంగీతం చేశారు. బాహుబలి (2015)లో కాలకేయుల యుద్ధానికి కీరవాణి గారి సంగీతం ఎంత బలమిచ్చిందో మీకు చెప్పనక్కరలేదు.

మా ప్రహ్లాద ఘట్టం

ఇక మా సంగతి. స్తంభం చీల్చుకొని నరసింహుడు వచ్చే ఘట్టం వేయాలని అనుకున్నాం. అరువు తెచ్చిన గిటారు ఒకటి, వయొలిన్ ఒకటి, మృదంగం ఒకటి, మా పేట నుంచి తెచ్చిన డప్పులు రెండు. మొదటి రోజు అందరం శక్తికొద్దీ వాయించాం. హిరణ్యకశిపుడు వేసినవాడు గొంతు చించుకున్నా ఒక్క మాట వినిపించలేదు. చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి, "ముందు ఆ డప్పులు తీసేయండి, ఇలాంటి ఘట్టానికి అవి పనికిరావు" అన్నారు. ఎవ్వరం మాట్లాడలేదు. ఆ రాత్రి మాలో ఇద్దరు అన్నం సరిగా తినలేదు. ఆ డప్పులు వాళ్ల నాన్నలవి.

మర్నాడు పైన చెప్పిన ఉపాయాలు ఒక్కొక్కటే పెట్టి చూశాం. లోపం డప్పులో లేదు, మా కూర్పులో ఉంది. హిరణ్యకశిపుడి మాటలకు మృదంగం ఒక్కటే ఉంచాం. ప్రహ్లాదుడికి వయొలిన్. గిటారుకు స–పలు మాత్రమే. డప్పును చివరిదాకా దాచాం.

వార్షికోత్సవం రోజు మబ్బు పట్టి గాలిలో చెమ్మ పెరిగింది. డప్పు చర్మం మెత్తబడింది. మాలో ఒకడి తండ్రి వేదిక వెనుక గడ్డి మంట వేసి, "కాగితేనే పలుకుద్దిరా అబ్బాయిలూ, తొందరపడకండి" అంటూ డప్పును తిప్పి తిప్పి కాచారు. సిర్ర, సిటికెన పుల్ల ఎలా పట్టుకోవాలో మళ్లీ ఒకసారి చూపించారు.

హిరణ్యకశిపుడు గద ఎత్తి స్తంభాన్ని కొట్టాడు. నాలుగు లెక్కల పాటు అంతా నిశ్శబ్దం. తర్వాత డప్పు ఒక్కసారి, దాని వెనకే గిటారు స–పలు. ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లలు లేచి తల్లుల దగ్గరకు పరుగెత్తారు. అంతకన్నా పెద్ద బహుమతి మాకు అక్కరలేదు. డప్పు కాచిన ఆ తండ్రి వేదిక పక్కనే నిలబడి చివరిదాకా చూశారు. వార్డెన్ గారు ఆయనకు కుర్చీ వేయించారు.

ఒకప్పుడు గిటారును ఆర్కెస్ట్రా గుమ్మం బయటే నిలబెట్టారు. ఇప్పుడు పెద్ద పెద్ద రాకాసి సినిమాలు దాన్ని పిలిచి వాయించుకుంటున్నాయి. జపాన్ తైకోలు హాలీవుడ్ సంగీతంలో మోగుతున్నాయి. రేపు తెలుగులో ఇలాంటి సినిమా వస్తే ఆ రాకాసి అడుగులకు మన డప్పు మోగాలి. దాన్ని రాయగల సంగీత దర్శకుడు మన హాస్టల్ చాపల మీద నుంచే లేవాలని కోరుకుంటున్నాం. పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మనవి: మీ ఇంట్లో మూలపడిన గిటారో, వయొలినో, కీబోర్డో ఉంటే హాస్టల్‌కు పంపండి. డప్పులు మాత్రం మా దగ్గర ఉన్నాయి.