మెడ నిలవని బిడ్డ – ఇంటిల్లిపాది పని

నాలుగైదు నెలలు నిండినా బిడ్డ మెడ నిలపకపోతే, కోటగిరి చుట్టుపక్కల పల్లెల్లో ముందుగా వినిపించే మాట "కొందరికి ఆలస్యమైతది, అదే వస్తది" అని. ఆ మాట మేమూ అన్నవాళ్ళమే. నర్సింగు చదువు ముగించి వార్డులో చేరిన కొత్తలో, ఎత్తుకుంటే తడిగుడ్డలా చేతుల్లోంచి జారిపోయే ఒక పసివాణ్ణి చూశాము. ధైర్యం చెబుతున్నామనుకుని వాళ్ళ అమ్మకు అదే మాట చెప్పి పంపాము. ఆమె మళ్ళీ వచ్చేసరికి వాడికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఆమె ఒక్కతే ఎలా నెట్టుకొచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ మాకు మనసు బాగుండదు.

పుట్టకముందు గాని, కాన్పు సమయంలో గాని, పుట్టిన కొత్తలో గాని మెదడుకు దెబ్బ తగిలితే కదలికలు దెబ్బతింటాయి. దీన్నే సెరిబ్రల్ పాల్సీ అంటారు. ఎక్కువమంది పిల్లల్లో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి. కొద్దిమందిలో మాత్రం ఒళ్ళంతా వదులుగానే ఉండిపోతుంది. పసితనంలో వదులుగా ఉండి, తర్వాత బిగుసుకుపోయే పిల్లలూ ఉన్నారు. అయితే వదులుగా ఉన్న ప్రతి బిడ్డకూ ఈ జబ్బే అనుకోకూడదు. థైరాయిడ్ లోపం వల్ల కూడా అలా ఉండవచ్చు. అది రక్తపరీక్షలో తెలిసిపోతుంది, తొలి వారాల్లోనే మాత్రలు మొదలుపెడితే బిడ్డ బాగుపడుతుంది. కనుక "చూద్దాంలే" అని ఆగవద్దు.

"ఎముకలల్ల బలం లేదు సిస్టరమ్మా" అంటూ కాల్షియం టానిక్కులకు వందలు ఖర్చుపెట్టినవారిని చూశాము. లోపం ఎముకల్లో లేదు. మెదడు నుంచి కండరాలకు అందవలసిన ఆజ్ఞ సరిగా అందడం లేదు. ఆ డబ్బు గుడ్లకూ పాలకూ పెడితే మేలు. నూనె మర్దనకు మేము అడ్డు చెప్పము. బిడ్డకు హాయిగా ఉంటుంది, నాయనమ్మకూ తృప్తి. కాని ముక్కులో, గొంతులో నూనె చుక్కలు వేయడం మాత్రం మానండి. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

ఈ పిల్లల విషయంలో మాకు అన్నిటికంటే భయం అన్నం పెట్టేటప్పుడే. పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, నీళ్ళలాంటి జావ పోస్తారు. గొంతు కండరాలు కూడా వదులే కదా, అది ఊపిరి దారిలోకి పోతుంది. మాటిమాటికీ జలుబు, ఛాతీలో గురగుర, తింటూనే దగ్గు, బరువు పెరగకపోవడం ఇవన్నీ దాని గుర్తులే. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. మీ చెయ్యి వాడి భుజాల వెనుక ఆనించి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా తల పట్టుకోండి. పప్పన్నం మెత్తగా, చెంచాలోంచి జారిపోనంత చిక్కగా కలపండి. చిన్న చెంచాతో పెట్టి, మింగేదాకా ఆగండి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టవద్దు. ఒక్క పూటకు ముప్పావుగంట పట్టవచ్చు. తొందరపెట్టకండి.

చేతులు పట్టి పైకి లాగకండి, భుజం కీలు జారుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు కాళ్ళు కప్పలా రెండు పక్కలకూ పడిపోతుంటే, తుండుగుడ్డలు చుట్టి తొడల బయట ఆనించండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, కాసేపు బోర్లా వేయండి. గోడ మూలన దిండ్లు ఆనించి కూర్చోబెట్టవచ్చు. ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలతలు ఇస్తే ఊరి వడ్రంగి చెక్క కుర్చీ చేసిపెడతాడు. కొన్న కుర్చీకంటే అదే బిడ్డకు బాగా అమరిన సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా ఎవరు చేయాలి? మన దగ్గర చాలా ఇళ్ళలో తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి బీడీలు చుడుతూ, బిడ్డను చూస్తూ, పైగా "ఏం పాపం చేసుకున్నదో" అన్న మాట పడుతుంది. ఒకసారి ఒక అత్తగారు మా ముందే ఆ మాట అన్నారు. "అవ్వా, ఇది ఎవరి పాపమూ కాదు. రేపటి నుంచి మధ్యాహ్నం అన్నం మీరు పెట్టండి" అన్నాము. ముఖం ముడుచుకున్నారు గాని పట్టుకోవడం నేర్చుకున్నారు. నెల తిరిగేసరికి, కోడలి చెయ్యి వంకరగా ఉందని మాకే చెప్పారు!

చదువూ డబ్బూ ఉన్నవారికీ ఈ కష్టం తప్పలేదు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ గారి కుమారుడు జైన్‌కు 1996లో పుట్టినప్పటి నుంచే తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ. మనకే ఎందుకిలా అని తాను కుమిలిపోతుంటే, భార్య అను గారు కాన్పు నుంచి కోలుకుంటూనే బిడ్డను థెరపీలకు తిప్పారనీ, ఆమెను చూసి తాను నేర్చుకున్నాననీ ఆయనే 2017లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. జైన్ 2022లో కన్నుమూశాడు.

సర్కారు సాయం సంగతి. ముందుగా వికలాంగత సర్టిఫికెట్టు తీసుకోండి, మిగతావన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి. 2016 చట్టంలో సెరిబ్రల్ పాల్సీ పేరు స్పష్టంగా ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది. ఫిజియోథెరపీ ఖర్చు కూడా అందులో, పరిమితి మేరకు, వస్తుంది. ఈ సంగతి తెలియక వదులుకునేవారే ఎక్కువ. భవిత కేంద్రాల గురించి మీ ఊరి బడిలో అడగండి. బడికి రాలేని బిడ్డకు ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు కూడా ఉంది.

మా దగ్గరికి వచ్చేటప్పుడు బిడ్డతోపాటు ఇంట్లో వాడే చెంచా, గిన్నె, కలిపిన అన్నం తెచ్చుకోండి. రోజూ పెట్టినట్టే మా ముందు పెట్టి చూపండి. తల్లితోపాటు మరొకరు కూడా రావాలి. తండ్రి దూరదేశంలో ఉంటే, మేము నేర్పుతుండగా ఫోనులో వీడియో తీసి ఆయనకు పంపండి. సెలవుమీద వచ్చిన రోజు మొదటి ముద్ద ఆయనే పెట్టాలి.