కొలిచే మీటర్ని కొలిచేదెవరు?

శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే నాయుడుపేటలో డాబాలెక్కి చూస్తాం. ఆ రాకెట్లలో వాడే, మందు నింపిన చిన్న చిన్న పరికరాలు కల్పాక్కంలో 'కామిని' దగ్గర ఫోటో తీయించుకుని వస్తాయని మనలో ఎంతమందికి తెలుసు?

కామిని అంటే అమ్మాయి కాదండోయ్! 'కల్పాక్కం మినీ' అన్న మాటల్ని కుదించి పెట్టిన పేరు. చెన్నైకి దక్షిణాన సముద్రపు ఒడ్డున, ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో 1996లో మొదలైన చిన్న రియాక్టర్ అది. శక్తి 30 కిలోవాట్లే. థోరియం నుంచి తయారైన యురేనియం-233 దాని ఇంధనం. కరెంటు కోసం కాదు, న్యూట్రాన్ల కోసం కట్టారు దాన్ని. గొట్టాల గుండా అవి ధారగా బయటికొస్తాయి. లోహపు గుల్ల లోపల మందు సరిగ్గా నిండిందో లేదో ఆ ధార చూపిస్తుంది. న్యూట్రాన్లను పసిగట్టే డిటెక్టర్లను పరీక్షించడానికీ అదే ధార పనికొస్తుంది.

పరీక్ష ఎందుకంటారా? 1932లో ఛాడ్విక్ కనిపెట్టిన ఈ న్యూట్రానుకు విద్యుదావేశం లేదు. రియాక్టర్లో అప్పుడే పుట్టిన న్యూట్రాన్ సెకనుకు ఇంచుమించు 20,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. దాన్ని పట్టాలంటే గోలీలాటే గతి. తనంత బరువున్న గోలీని కొడితేనే కదా, గోలీ తన వేగమంతా దానికిచ్చేది! హైడ్రోజన్ కేంద్రకం దాదాపు అంత బరువుంటుంది. అందుకే హైడ్రోజన్ దండిగా ఉన్న ప్లాస్టిక్‌నో, వాయువునో డిటెక్టర్లో పెడతారు. దెబ్బ తిన్న హైడ్రోజన్ సంకేతమిస్తుంది. కానీ చాలా న్యూట్రాన్లు దేన్నీ తాకకుండానే వెళ్ళిపోతాయి. మరి వెయ్యింటికి ఎన్ని దొరికినట్టు?

అది తేలాలంటే ముందు ధార లెక్క తెలియాలి. ఇక్కడే మన బంగారం అక్కరకొస్తుంది! పల్చటి బంగారు రేకును ధారలో పెడితే న్యూట్రాన్లను మింగి కొంత రేడియోధార్మికమవుతుంది. ఎంత అయిందో కొలిస్తే ఎన్ని న్యూట్రాన్లు తగిలాయో తెలుస్తుంది. బంగారం ముఖ్యంగా నెమ్మది న్యూట్రాన్ల లెక్క చెబుతుంది. వేగం వాటికి ఇండియం, గంధకం వంటివి వాడతారు. తర్వాత అదే చోట డిటెక్టర్ని పెడతారు. ధారలో వెయ్యి పోతే అది ఇరవై లెక్కించిందనుకోండి, ఇకమీదట దాని లెక్కని యాభైతో హెచ్చించాలన్నమాట. రియాక్టర్ శక్తి రెట్టింపు చేస్తే లెక్కా రెట్టింపవుతుందా? గామా కిరణాల్ని చూసి న్యూట్రాన్లని పొరబడుతోందా? ఇవీ చూస్తారు. దుకాణంలో తూకపు రాయికి సర్కారు ముద్ర వేసినట్టే ఇదీ.

మనకెందుకీ గోల అనుకోకండి. మన ఒంట్లో నీరే ఎక్కువ, నీటినిండా హైడ్రోజనే. డిటెక్టర్లో తగిలినట్టే ఒంట్లోనూ తగులుతుంది. ఒంట్లో చేరిన శక్తి ఒకటే అయినా, గామా కిరణాలకన్నా వేగపు న్యూట్రాన్ల హాని ఇరవై రెట్ల దాకా లెక్కగడతారు. మన దేశపు నిబంధనల ప్రకారం రేడియేషన్ దగ్గర పనిచేసేవారికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు. గర్భిణి అని తెలియజేసిన దగ్గర్నుంచి కడుపులోని బిడ్డకు కాన్పు దాకా మొత్తం ఒక్క మిల్లీసీవర్టే హద్దు. ఆ ఒక్కటీ దాటలేదని ఆ తల్లికి చెప్పాల్సింది మీటరే. మీటర్ లేకపోతే భయంతోనైనా జాగ్రత్తపడతాం. తప్పు చెప్పే మీటర్ మాత్రం ధైర్యమిచ్చి ముంచుతుంది.

ఈ విద్య మన తెలుగువాళ్ళకు కొత్తదేం కాదు. న్యూట్రాన్ డిటెక్టర్లు తయారుచేసే హైదరాబాదు ఈసీఐఎల్‌కు 1967లో పునాది వేసింది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారే.

ఫిజిక్స్ తీసుకున్న అమ్మాయిని 'చదివి ఏం చేస్తావే?' అని అడగడం మనకలవాటు. ఇదిగో, ఇలాంటి పనీ ఉంది. పేరు పేపర్లో రాదు, టీవీలో చూపించరు. కానీ పొరుగువాడి ప్రాణం ఆమె వేసిన లెక్క మీద నిలబడుతుంది. అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది చెప్పండి?