ఛాయాచిత్రములతో పడవను కొలుచుట

మన బనగానపల్లెలో బండలు కోయు పనిని చూడని విద్యార్థి యుండడు. నలుచదరపు గదిలో బండలు పఱచుట కష్టము కాదు. కాని గత సంవత్సరము మేము పాఠశాలలోని గుండ్రని నీళ్లతొట్టి చుట్టును బండలు పఱపింప దలచి, కొలతలు స్వయముగా వ్రాసి యిచ్చితిమి. వంపును సరిగా పట్టలేకపోయితిమి. కోసి తెచ్చిన బండలలో రెండు పొట్టివై వ్యర్థమయ్యెను. పొట్టి బండను పొడిగించుట యెవరి తరము?

ఈ చిక్కు పడవ పనివారికి నిత్యము గలదు. కాకినాడ సమీపమున కోరంగి, తాళ్లరేవు ప్రాంతములందు తరతరములుగా కట్టుచు వచ్చిన కొయ్య పడవలను తలచుకొనుడు. పడవ ప్రక్కలు వంగియుండును. అడుగు సమముగా నుండదు. నీటిపై నూగుచుండుటచే రసమట్టము గాని తూకపుగుండు గాని పనిచేయదు. అట్టిచోట బల్లయో అలమరయో అమర్చుటకు వడ్రంగులు అట్టతో అచ్చు తీసి, మరల మరల చెక్కి సరిచేయుదురు. ఇప్పుడు ఇందుకు ఫోటోగ్రామెట్రీ, అనగా ఛాయాచిత్రములచే కొలుచు విద్య, తోడ్పడుచున్నది.

దీని మూలసూత్రము సులభము. వ్రేలిని ముఖమున కెదురుగా నిలిపి, కన్నులను మార్చి మార్చి మూసి చూడుడు. వ్రేలు వెనుకటి గోడపై ప్రక్కకు జరిగినట్లు తోచును. వ్రేలు దగ్గరయైన కొలది ఆ జరుగుట యెక్కువగును. ఒకే బిందువును రెండు చోట్లనుండి చూచినచో దాని స్థానమును త్రిభుజముచే గణింపవచ్చును. 1802లో లాంబ్టన్ దొర మద్రాసునొద్ద ఆధారరేఖను కొలిచి దేశమును సర్వే చేయ నారంభించినదియు త్రిభుజములతోనే. జర్మనీ దేశపు మైడెన్‌బవర్ 1858లో వెట్జ్‌లార్ దేవాలయమును కొలుచుచు పైనుండి పడబోయి తప్పించుకొని, చిత్రములనుండియే కొలువరాదా యని యోచించెను.

పడవలో పని యిట్లు జరుగును. మొదట వస్తువులను కదలనీయక నుంచి, నునుపైన గోడలపై గుర్తుల కాగితములు అంటింతురు. గుర్తులు లేని తెల్లగోడపై కంప్యూటరు బిందువులను పోల్చుకొనలేదు. పిమ్మట చోటు మార్చుచు అనేక చిత్రములు తీయుదురు. ప్రతి చిత్రములోను ముందు చిత్రములోని భాగము సగమునకు మించి కనబడవలెను. కంప్యూటరు ఒకే బిందువును పలు చిత్రములలో గుర్తించి, లోపలి యాకారమును నిర్మించును. దానినిబట్టి యంత్రము చెక్కను కోయును.

అయితే చిత్రము ఆకారమును చెప్పును గాని పరిమాణమును చెప్పదు. బొమ్మ పడవకును నిజమైన పడవకును చిత్రము ఒక్కటియే కావచ్చును! అందుచే నిశ్చయముగా కొలిచిన బద్ద నొకదానిని చిత్రములలో చేర్చవలెను. ఒక మీటరు బద్దలో 5 మిల్లీమీటర్లు తప్పినచో, 3 మీటర్ల పలకలో 15 మిల్లీమీటర్లు తప్పును. కనుక వేఱొక పొడవును చేతితో కొలిచి సరిచూచి, అట్టముక్కను కోసి అమర్చి చూచిన పిమ్మటనే మంచి చెక్కను ముట్టుదురు.

ఈ సంవత్సరము మా విద్యార్థులు ఆ తొట్టినే ఫోనుతో చిత్రించి, బద్దతో సరిచూచి, అట్ట అచ్చులు కోసిరి. రెండు బండలును అతికినవి. యంత్రమెంత గొప్పదైనను, దానికిచ్చు మొదటి కొలత మన చేతిలోనిదే. విద్యార్థులారా, కోయకముందే రెండుసారులు కొలువుడు.