పప్పులో కాలేయకుండా పదిమందికి భోజనం

పప్పు పేరుతో తెలుగులో రెండు మాటలు బాగా నలిగాయి. పొరపాటు చేసినవాణ్ణి పప్పులో కాలేశాడంటారు. ఎత్తులు పారనివాడితో ఇక్కడ నీ పప్పులు ఉడకవంటారు. ఒక ఆదివారం నాకు ఈ రెండూ ఒకేసారి జరిగాయి. రెండోది అక్షరాలా జరిగింది.

మధ్యాహ్నం భోజనానికి పదిమంది వస్తున్నారు. ఊరి నుంచి వచ్చిన పిన్నిని హాల్లో కూర్చోబెట్టి, ఈ పూట వంట మొత్తం నాదేనని ప్రకటించాను. ఇలాంటి ప్రకటన చేసిన రోజే కుక్కర్ రబ్బరు తెగుతుంది. తెగింది. పెద్ద గిన్నెలో అరకిలో కందిపప్పు పోశాను. ఒక పని కలిసొస్తుంది కదా అని చింతపండు పులుసు కూడా అందులోనే పిండి పొయ్యి మీద పెట్టాను. గంటైంది. పప్పు బద్దలు ఎక్కడివక్కడే ఉన్నాయి, నిబ్బరంగా.

"ఉడికిందా నాన్నా?" అని హాల్లోంచి పిన్ని.

"ఉడుకుతోంది పిన్నీ."

"చింతపండు ఎప్పుడేశావు?"

"పప్పుతోపాటే."

కాసేపు మాట లేదు. "అయితే రాత్రికి ఉడుకుతుందిలే" అంది.

తర్వాత తనే లేచి, పక్కింటి కుక్కర్ తెప్పించి, మళ్లీ అరకిలో పప్పు పెట్టింది. చుట్టాలు తినేసరికి మూడు దాటింది. పిన్ని కూర్చునేసరికి మూడున్నర. ఆమె వంతుకు గిన్నె అడుగున గీరిన పప్పు మిగిలింది. మొండికేసిన నా పప్పు మిక్సీలో పడి, రాత్రికి పప్పుచారుగా తేలింది.

ఆ రోజు నేను వాడిన దినుసుల్లో వంక పెట్టడానికేం లేదు. తప్పింది వరుస. పదిమందికి వండాలంటే ముందు భయపడేది కొలతల గురించి. అరకిలో చాలుతుందా, ముప్పావు పొయ్యాలా అని. కొలతది చిన్న చిక్కు. మనిషికి 40 నుంచి 50 గ్రాముల పప్పు లెక్కేసుకుంటే సరిపోతుంది, మిగిలితే రాత్రికి పనికొస్తుంది. అసలు చిక్కు ఏది ముందు, ఏది వెనక అన్నదే. గిన్నెలోనూ అంతే, విస్తట్లోనూ అంతే.

గిన్నెతో మొదలుపెడదాం. పప్పు గింజలో కణానికీ కణానికీ మధ్య జిగురులా పట్టి ఉంచే పదార్థం పెక్టిన్. వేడినీళ్లలో అది కరిగితేనే గింజ విడివడి మెత్తబడుతుంది. పులుపు తగిలితే ఆ జిగురు తొందరగా కరగదు. కాబట్టి చింతపండైనా, మామిడికాయైనా, గోంగూరైనా, టమాటా అయినా పప్పు మెత్తబడ్డాకే కలవాలి. కుక్కర్లో ఈ తప్పు అంతగా బయటపడదు. లోపల ఆవిరి ఒత్తిడి వల్ల నీటి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, పులుపు మొండితనాన్ని అది చాలావరకు అణిచేస్తుంది. మామూలు గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. అక్కడ వరుస తప్పితే క్షమాపణ లేదు.

బోరు నీళ్లతోనూ ఇదే పేచీ. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ జిగురును ఇంకా గట్టిపరుస్తాయి. అందుకే ఒకే కొట్టులో కొన్న పప్పు ఒకింట్లో వెన్నలా ఉడికి, ఇంకో ఇంట్లో పలుకుగా ఉండిపోతుంది. కొట్టువాణ్ణి తిట్టేముందు నీళ్లు మార్చి చూడాలి. ఓ అరగంట నానబెట్టినా సగం గొడవ తీరుతుంది. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని ఒక నమ్మకం ఉంది. ఆ కేసులో ఉప్పు నిర్దోషి. పులుపు, నీళ్లు చేసిన నేరాలకు తరతరాలుగా అది శిక్ష అనుభవిస్తోంది.

చిటికెడు వంటసోడా వేస్తే తొందరగా ఉడుకుతుందన్నది నిజమే. పెక్టిన్ క్షారానికి లొంగుతుంది. దాంతోపాటు పప్పులోని థయమిన్, అంటే బి1 విటమిన్ కూడా పోతుంది. ఈ విటమిన్‌కూ మనకూ పాత సంబంధం ఒకటుంది. అది చాలకపోతే వచ్చే జబ్బు బెరిబెరి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో ఆ బెరిబెరి మీద విచారణకు పెట్టిన చిన్న విభాగంగానే మొదలైంది. హైదరాబాద్‌కు వచ్చింది 1958లో. బియ్యాన్ని తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టి పైపొరతోపాటు థయమిన్‌ను పారబోసుకోవడం బెరిబెరికి ఒక పెద్ద కారణం. బియ్యంలో పోగొట్టుకున్నది చాలు, పప్పులోనూ ఎందుకు? సోడా డబ్బా బజ్జీల వైపే ఉండనిద్దాం.

కుక్కర్ దగ్గర ఇంకో ముచ్చట. మన ఇళ్లలో కూతల లెక్క ఓట్ల లెక్కింపు కంటే శ్రద్ధగా సాగుతుంది. ఒకరింట్లో మూడు, ఒకరింట్లో అయిదు, మధ్యలో ఫోన్ వస్తే మళ్లీ మొదటి నుంచి. నిజానికి కూత అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే, గడియారం కాదు. మంట పెద్దదైతే మూడు కూతలు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి, పప్పుకు ఆ సంగతి తెలియదు. మొదటి కూత రాగానే మంట తగ్గించి, నానిన కందిపప్పును పది నిమిషాలు అలా వదిలేస్తే చాలు. పప్పు పొంగే వస్తువు కాబట్టి కుక్కర్ సగానికి మించి నింపకూడదు.

ఇక పోపు. తాలింపు అనండి, తిరగమోత అనండి, పేరు మీద ఊళ్లకూ ఊళ్లకూ పడదు గాని చిటపట అందరిదీ ఒకటే. వంటింట్లో వరుస అంటే ఏమిటో కళ్లకు కట్టేది ఇదే, అదీ ఒక్క నిమిషంలో. నూనె కాగాక ఆవాలు. అవి పేలడం మొదలవగానే మినప్పప్పు, ఎందుకంటే దానికి రంగు రావడానికి కొంత సమయం కావాలి. తర్వాత చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి. జీలకర్ర త్వరగా మాడుతుంది కాబట్టి దాని వెనక. చివర్లో ఇంగువ, కరివేపాకు. అన్నీ ఒకేసారి పోస్తే మినప్పప్పు తెల్లగా ఉండగానే జీలకర్ర బొగ్గవుతుంది. దినుసుల్లోని వాసనలో చాలా భాగం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ నూనే వాసనను గిన్నెంతా పంచుతుంది. పోపు పడగానే మూత పెట్టమని పెద్దవాళ్లు గదమాయించేది అందుకే. వీధంతా ఘుమఘుమలాడితే వీధికి సంతోషం, పప్పుకు నష్టం.

ఆకుకూర పప్పులో ఆ చెంచా నూనెకు ఇంకో పని కూడా ఉంది. తోటకూర, పాలకూరల్లోని కెరొటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడు కావాలి. ఆకుల్లోని ఇనుము పట్టాలంటే సి విటమిన్ కావాలి. అది వేడికి పోతుంది కాబట్టి, నిమ్మరసం పొయ్యి కట్టేశాకే పిండాలి. ఇక్కడా వరుసే. భోజనమైన వెంటనే టీ ఇస్తే అందులోని టానిన్లు ఆ ఇనుమును మళ్లీ పట్టుకుపోతాయి. కబుర్లకు ఓ గంట వదిలి తర్వాత ఇస్తే, మర్యాద మర్యాదకు ఉంటుంది, ఇనుము ఇనుముకు ఉంటుంది.

ఇద్దరి వంటను పదిమందికి పెంచేటప్పుడు అన్నిటినీ అయిదుతో గుణించడం ఇంకో ఉచ్చు. గిన్నె పెద్దదయ్యేకొద్దీ లోపలి సరుకు పెరిగినంతగా పైభాగం పెరగదు. ఆవిరి పోయేది ఆ పైనుంచే. కాబట్టి పులుసుకు నీళ్లు అయిదింతలు పోస్తే అది చెరువవుతుంది. నాలుగింతలతో మొదలుపెట్టి, చాలకపోతే మరిగే నీళ్లు కలపడం మేలు. పోపు కూడా అంతే, ఇద్దరికి రెండు ఎండుమిర్చి వేస్తే పదిమందికి పది అక్కర్లేదు, ఆరు చాలు. అన్నిటికంటే మోసం చేసేది బెండకాయ వేపుడు. రెండు కిలోల ముక్కలు ఒకే మూకుట్లో పోస్తే వాటి నీరు వాటిలోనే ఇగరక నిలిచి, వేగాల్సినవి ఉడుకుతాయి. వేపుడు అనుకున్నది జిగురుగా మారుతుంది. పదిమంది వస్తున్నప్పుడు వేపుడు జోలికి పోకుండా, అల్లం పచ్చిమిర్చి నూరి వేసే వంకాయ కూరో, గుమ్మడికాయ కూరో పెట్టుకుంటే గౌరవం దక్కుతుంది.

ఇప్పుడు విస్తరి. 2024లో పోషకాహార సంస్థ కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పప్పులు లేదా వాటికి బదులు గుడ్లు, మాంసం 85 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు అంది. అన్నీ పచ్చి సరుకు తూకాలే. అంటే బియ్యం కంటే కూర ఎక్కువ ఉండాలి. మన కంచంలో అన్నం కొండంత, కూర ఆ కొండ మీద గుడంత. దీన్ని సరిచేయడానికి కొత్త వంటలేవీ నేర్చుకోనక్కర్లేదు. మన వడ్డన వరుసలోనే దారి ఉంది. మొదట అన్నం కొద్దిగా పెట్టి, పప్పు, కూర, పచ్చడి నిండుగా వడ్డించాలి. రెండోసారి పులుసుకో చారుకో ఇంకొంచెం అన్నం. ఆఖరున పెరుగుకు నాలుగు మెతుకులు. అన్నం అంతా మొదటే గుమ్మరిస్తే దాన్ని ముగించడమే పనవుతుంది, కూర పక్కన చూస్తూ కూర్చుంటుంది.

పప్పుకు మొదటి పీట ఎందుకో కూడా చెప్పుకోవాలి. మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ. మెథియోనిన్ పప్పులో తక్కువ, బియ్యంలో నయం. ఒకదాని లోటు ఒకటి పూడ్చుకుంటాయి. పెద్దవాళ్లకు ఈ పేర్లు తెలియవు. పప్పన్నం తిన్న పిల్లాడు ఏపుగా ఎదగడం తెలుసు. పెళ్లెప్పుడు అని అడగడానికి బదులు పప్పన్నం ఎప్పుడు పెడతావని అడిగే జనం మనం. ఆ గౌరవం ఊరికే రాలేదు.

పప్పు గొప్పతనం ఇంకోటుంది, చెప్పకుండా వచ్చినవాళ్లను అది కాదనదు. పదిమందికి వండితే పన్నెండుమంది వచ్చారనుకోండి. గుత్తివంకాయలు లెక్కకు కట్టుబడి ఉంటాయి. పప్పు అలా కాదు. రెండు గ్లాసుల మరిగే నీళ్లు, కాస్త ఉప్పు, కాస్త పులుపు పడితే పప్పుచారై అందరికీ అందుతుంది. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళ వచ్చి తలుపు తట్టినా అన్నం పెట్టేవారని చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. వేళ కాని వేళ వచ్చినవాడికి పెట్టాలంటే మంచి మనసు ఒక్కటే చాలదు, సాగే వంట కూడా ఉండాలి.

మిగిలిన అన్నం గురించి ఒక్క మాట. వేడి తగ్గి గోరువెచ్చగా గంటల తరబడి ఉండే అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. అందుకని అన్నం వేడివేడిగానైనా ఉండాలి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకైనా చేరాలి. ప్రయాణాలకు పులిహోర కట్టే అలవాటు వెనక రుచి ఒక్కటే లేదు, పులుపు కాపలా కూడా ఉంది. నా పప్పును ఉడకనివ్వని పులుపే ఇక్కడ మనవైపు నిలబడుతుంది.

తెలుగులో వరుస అంటే క్రమం, బారు. చుట్టరికం కూడా. వరుసకు పిన్ని, వరుసకు బావ అంటాం. భోజనాల బంతిలో ఈ మూడూ ఒకచోట కలుస్తాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదని సామెత. ఆ సామెత తినడానికి వచ్చినవాళ్ల గురించి ఆలోచించింది గాని, వండినవాళ్ల గురించి ఆలోచించలేదు. కడబంతి వాళ్లదే, అది ఎవరూ రాయకుండానే ఖాయమైపోయింది. వాళ్లు కూర్చునేసరికి వడ్డించడానికి మనవాడూ ఉండడు, పరాయివాడూ ఉండడు.

కాబట్టి పదిమందికి వంట అనుకున్నప్పుడు చివర్నుంచి మొదలుపెట్టి ఆలోచించాలి. వండినవాళ్లు అందరితో కూర్చోవాలంటే ఏం వండాలి? పెరుగు, పచ్చడి ముందురోజు రాత్రే అయిపోవాలి. చారు పొద్దున కాచి పెట్టుకోవచ్చు. కూర గంట ముందు దిగినా రుచి చెడదు. పప్పు మూత కింద వేడిగా కూర్చుని ఎదురు చూస్తుంది. ఆఖరి నిమిషంలో పొయ్యి దగ్గర నిలబెట్టే పూరీలు, దోసెలు, బజ్జీలు ఆ రోజుకు సెలవు తీసుకోవాలి.

కొన్నాళ్లకు మళ్లీ అదే పదిమందిని పిలిచాను. కొత్త రబ్బరు కొన్నాను. పప్పు మెత్తబడ్డాక చింతపండు పోశాను, పోపు పడగానే మూత పెట్టాను. గిన్నెలన్నీ తెచ్చి మధ్యలో పెట్టి, ఒంటిగంటకు పిన్నిని మొదటి బంతిలో కూర్చోబెట్టాను. అలవాటు లేని చోటు కావడంతో రెండుసార్లు లేవబోయింది. మూడోసారి లేవలేదు. పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, తీర్పు చెప్పింది.

"ఉప్పు పిసరంత తగ్గింది నాన్నా. నువ్వు కూర్చో, నేను తెస్తా."